‘బాపు మీద కోపం తెచ్చుకోకు’: ఓడలో రాసిన ఒక చిన్న ఉత్తరం

అందరికీ నమస్కారం.

గాంధీజీ గురించి మాట్లాడమని అడిగారు. ఆయన గురించి మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. అందుకని చాలా చిన్నదాన్ని ఎంచుకున్నాను. ఒక ఉత్తరం. గట్టిగా లెక్కపెడితే ఆరేడు వాక్యాలుంటాయి. 1909 నవంబర్ 27న, ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికా వెళ్తున్న కిల్డోనన్ కాజిల్ అనే ఓడలో కూర్చుని, మూడో కొడుకు రామదాసుకు గుజరాతీలో రాసింది. రామదాసు 1897లో పుట్టాడు. అప్పటికి పన్నెండేళ్ల పిల్లవాడన్నమాట.

ఉత్తరంలో ఏముందో ముందే చెప్పేస్తాను. మాటకు మాట దించడం లేదు, భావం చెడకుండా నా తెలుగులో చెప్తున్నాను. నీకోసం ఏమీ తీసుకురాకపోతే బాపు మీద కోపం తెచ్చుకోకు. నాకు నచ్చిన వస్తువు ఒక్కటీ కనపడలేదు. యూరప్‌ది ఏదీ మనసుకు పట్టకపోతే నేనేం చేయను? నాకు మన దేశానివే ఇష్టం. యూరప్ మనుషులు మంచివాళ్లే, వాళ్ల బతుకు తీరే మంచిది కాదు. అదెలాగో కలిసినప్పుడు చెప్తాను. కింద బాపు ఆశీస్సులు.

అంతే ఉత్తరం.

పైన ‘చి. రామదాస్’ అని ఉంటుంది. ఆ ‘చి.’ చూడగానే నాకు మన ఇంటి ఉత్తరంలాగే అనిపించింది. గుజరాతీవాళ్లు కూడా పిల్లలకు రాసేటప్పుడు మనలాగే చిరంజీవి అని మొదలుపెట్టి ఆశీస్సులతో ముగిస్తారు. మన ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఇంకా మిగిలిన పాత కార్డులు తీసి చూడండి, పైన అదే మాట, కింద అదే మాట. మధ్యలో ఏం రాస్తారన్నది తండ్రిని బట్టి ఉంటుంది.

ఊరెళ్లిన నాన్న తిరిగొచ్చాడంటే పిల్లలు ముందు చూసేది ఆయన చేతిలోని సంచి. మా నాన్నగారు ఉద్యోగం కోసం వేరే ఊళ్లో ఉండేవారు. శనివారం రాత్రి ఆయన వచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్లం. పొద్దున లేవగానే కొక్కేనికి తగిలించిన సంచి తడిమి చూసేవాళ్లం. ఒక ఆదివారం అందులో ఏమీ లేదు. ఆ రోజంతా ఆయన మా వైపు సరిగ్గా చూడలేదు. నాకప్పుడు అర్థం కాలేదు. నేను పిల్లల తండ్రినయ్యాక అర్థమైంది. అందుకే ఈ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఆ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆయన సంచి కూడా ఖాళీదే. కానీ ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే, పిల్లవాడు సంచి వెతుక్కునే అవసరం రాకముందే, కాగితం తీసుకుని ఆ సంగతి చెప్పేస్తున్నాడు.

ఆ మొదటి మాట ‘కోపం తెచ్చుకోకు’ అని ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ ఏడాది ఆ ఇల్లు ఎలా ఉందో చూడాలి.

వాళ్ల ఇల్లు ఫీనిక్స్‌లో. డర్బన్‌కు 14 మైళ్ల దూరంలో, 1904లో గాంధీజీ కొన్న 100 ఎకరాల భూమిలో. ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక అచ్చయ్యేది అక్కడే. ఆయన పోరాటం జరుగుతున్నదేమో పక్క వలస రాజ్యమైన ట్రాన్స్‌వాల్‌లో. భారతీయులంతా పేర్లు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు వేయాలి అన్న చట్టం మీద. అందుకని ఆయన ఉండేది ఎక్కువగా జోహాన్నెస్‌బర్గ్‌లో, లేకపోతే జైల్లో.

1908 నవంబర్‌లో ఆయన వోక్స్‌రస్ట్ జైల్లో ఉండగా కస్తూర్బాకు రక్తస్రావం ఆగక ప్రాణం మీదికొచ్చిందని కబురందింది. జరిమానా కడితే బయటికి వచ్చి చూడొచ్చు. కట్టలేదు. జైలు నుంచే ఆమెకు ఉత్తరం రాశారు. నువ్వు పోయినా నాకు బతికున్నట్టే, నీమీద నాకంత ప్రేమ అని. ఆ ఉత్తరాన్ని నేను ఎన్నిసార్లు చదివినా లోపల ఏదో గుచ్చుకుంటుంది. డిసెంబర్‌లో విడుదలయ్యారు. కస్తూర్బాకు డర్బన్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆమె ఎంత నీరసించిపోయి ఉందంటే, మత్తుమందు ఇవ్వడానికి కూడా వీల్లేకపోయింది. తర్వాత ఫీనిక్స్ స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆమెను ఉయ్యాలలో పడుకోబెట్టి మోసుకుపోవడానికి ఆరుగురు మనుషుల్ని రప్పించారు. పిల్లలకు ఆ దృశ్యం గుర్తుండకుండా ఉంటుందా? 1909 ఫిబ్రవరి 25న మళ్లీ శిక్ష, మూడు నెలలు. మే 24న విడుదల. నెల తిరక్కుండానే లండన్ ప్రయాణం. జూన్ 23న కేప్‌టౌన్‌లో ఓడెక్కారు. పెద్దన్న హరిలాల్ అప్పటికే ఉద్యమంలో జైళ్లకు వెళ్తూ వస్తూ ఉన్నాడు.

ఆ మూడు నెలల శిక్షలో ప్రిటోరియా జైలు నుంచి నెలకు ఒక్క ఉత్తరమే రాసుకోనిచ్చేవారు. ఎవరికి రాయాలా అని ఆలోచించి ఆ ఒక్కటీ రెండో కొడుకు మణిలాల్‌కు రాశారు. 1909 మార్చి 25 తేదీతో. ఉద్యమంలో సహచరులైన పోలక్, రిచ్ కూడా గుర్తొచ్చారు గాని చివరికి నీకే రాస్తున్నాను అని ఆ ఉత్తరంలోనే చెప్పారు. అది చాలా ప్రసిద్ధమైన ఉత్తరం. చదువంటే అక్షరాలు కాదు, నడవడి, కర్తవ్యం తెలియడం అన్న మాటలు అందులోవే. విద్య గురించి మాట్లాడేవాళ్లందరూ ఆ వాక్యాలు ఉదహరిస్తారు. నాకు మాత్రం అందులో మరోటి ఎక్కువ గుర్తుండిపోయింది. రామదాసు దగ్గు తగ్గిందా అని అడిగారు. నెలకు ఒక్క కాగితం, అందులో పిల్లవాడి దగ్గుకు చోటుంది. ఈ రోజు మనం చెప్పుకుంటున్న రామదాసే.

ఇక లండన్. ఎందుకు వెళ్లారు, ఏం తెచ్చారు?

మూడేళ్ల ముందు, 1906లో కూడా ఆయన ఇదే పని మీద లండన్ వెళ్లారు. అప్పుడు వెంట హాజీ అలీ ఉన్నారు. తిరుగు ప్రయాణంలో బ్రిటన్ అనే ఓడ మదీరా దీవి దగ్గర ఆగినప్పుడు తంతి అందింది. వలస రాజ్యాల మంత్రి లార్డ్ ఎల్గిన్ ఆ చట్టానికి ఆమోదం ఆపారని. మదీరా నుంచి కేప్‌టౌన్ వరకు మిగిలిన రోజులన్నీ ఎంతో సంతోషంగా గడిచాయని ఆయనే రాసుకున్నారు. ఆ సంతోషం నిలవలేదు. 1907లో ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన రాగానే అక్కడి శాసనసభ అదే చట్టాన్ని మళ్లీ తెచ్చింది, ఈసారి లండన్ ఆమోదించింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఏమిటో ఆయనకు అలా తెలిసింది.

1909లో వెంట వెళ్లింది హాజీ హబీబ్. దక్షిణాఫ్రికా వలస రాజ్యాలన్నిటినీ కలిపి ఒకే యూనియన్ చేసే చట్టం బ్రిటిష్ పార్లమెంటు ముందుకు వస్తోంది. మదరాసు మాజీ గవర్నర్ లార్డ్ ఆంప్టిల్ మధ్యవర్తిగా నిలబడ్డారు. ట్రాన్స్‌వాల్ ప్రధాని జనరల్ బోథా చివరికి చెప్పిందేమిటంటే, కొన్ని సడలింపులు ఇస్తాం గాని భారతీయుడికి చట్టంలో సమానుడన్న హక్కు మాత్రం ఇవ్వం అని. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హాజీ హబీబ్ ఆ షరతులకు ఒప్పుకుందామన్నారు. ఆయన మాట్లాడింది గుజరాతీలో. దాన్ని లార్డ్ ఆంప్టిల్‌కు ఇంగ్లీషులో చెప్పవలసింది గాంధీజీ. తనకు పూర్తి విరుద్ధమైన అభిప్రాయాన్ని అక్షరం పోకుండా అనువదించి చెప్పి, ఆ తర్వాతే నా మాట ఇది అని తన మాట చెప్పారు. అనువాదం చేసేవాళ్లం కొందరం ఈ సభలో ఉన్నాం కదా, ఆ క్షణం ఎంత కష్టమో మనకు తెలుసు.

యూనియన్ చట్టం సెప్టెంబర్‌లో అయిపోయింది. భారతీయులకు ఏమీ దక్కలేదు. ఇంకో పక్క లండన్‌లోని మన యువకుల్లో వేరే నిప్పు రగులుతోంది. గాంధీజీ జూలై 10న దిగారు. అంతకు తొమ్మిది రోజుల ముందే మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీ అనే బ్రిటిష్ అధికారిని కాల్చి చంపాడు. ఆగస్టులో ధింగ్రాను ఉరితీశారు. ఆ యువకులతో గాంధీజీ మాట్లాడారు, వాదించారు. పాత మిత్రుడు డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా కూడా అప్పుడు లండన్‌లోనే ఉన్నారు. ఆయనతో సాగిన వాదన పెద్దది. నవంబర్ 13న సౌతాంప్టన్‌లో ఓడెక్కేటప్పటికి గాంధీజీ చేతిలో ఫలితం లేదు, మనసులో మాత్రం నాలుగు నెలల మాటలున్నాయి.

ఆ ఓడ యూనియన్-కాజిల్ కంపెనీది. టపా మోసే ఓడ. అంతకు పదేళ్ల క్రితమే నీళ్లలోకి దిగింది, బోయర్ యుద్ధకాలంలో బ్రిటిష్ సైనికులను దక్షిణాఫ్రికాకు చేరవేసింది. సౌతాంప్టన్ నుంచి కేప్‌టౌన్‌కు 17 రోజులు. ఆ ఓడలో గాంధీజీ ఏం చేశారో మీకందరికీ తెలుసు. నవంబర్ 13 నుంచి 22 వరకు, పది రోజుల్లో, ‘హింద్ స్వరాజ్’ పుస్తకం మొత్తం రాసేశారు. ఓడ కాగితాల మీద, ఓడలో ప్రయాణికులకు ఇచ్చే కాగితాలే. 270కి పైగా పేజీలు. కుడిచెయ్యి నొప్పెడితే ఎడమచేత్తో రాశారు. అలా సుమారు 40 పేజీలు ఎడమచేతివి. 1923లో నవజీవన్ వాళ్లు ఆ రాతప్రతిని ఉన్నదున్నట్టు ఆయన దస్తూరితోనే అచ్చువేశారు. కొట్టివేతలు ఎంత తక్కువో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆపుకోలేక రాశాను అని ముందుమాటలో ఆయనే చెప్పారు. అది నిజమని ఆ దస్తూరి చూస్తేనే తెలుస్తుంది.

దస్తూరి మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. తన చేతిరాత బాగుండదని గాంధీజీకి జీవితాంతం బాధ. చిన్నప్పుడు చేతిరాత చదువులో భాగం కాదనుకున్నాను, దక్షిణాఫ్రికాలో అక్కడి వకీళ్ల అందమైన రాత చూశాక సిగ్గుపడ్డాను, అప్పటికే ఆలస్యమైంది అని ఆత్మకథలో రాశారు. పిల్లలకు అక్షరాలు నేర్పే ముందు బొమ్మలు వేయడం నేర్పాలి అన్న ఆలోచన కూడా అక్కడిదే. అంత బెంగ ఉన్న మనిషి, రాయించడానికి పక్కన గుమాస్తా లేని చోట, పది రోజులు రెండు చేతులతో రాశాడు. ఈసారి స్టీమర్‌లో చేసిన పనికి అంతు లేదని మగన్‌లాల్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నారు. మగన్‌లాల్ ఆయనకు కొడుకు వరస, అన్న వరసైన ఖుశాల్‌చంద్ గారి అబ్బాయి. ఫీనిక్స్‌ను నిలబెట్టిన మనిషి. హింద్ స్వరాజ్ ఒక్కటే కాదు, టాల్‌స్టాయ్ ఒక భారతీయ యువకుడికి రాసిన పెద్ద లేఖను కూడా అదే ఓడలో గుజరాతీలోకి తెచ్చి, దానికి ముందుమాట రాశారు. ఆపైన మగన్‌లాల్‌కు, మణిలాల్‌కు, ఇంకా తోటి కార్యకర్తలకు, మిత్రులకు ఉత్తరాలు.

అవన్నీ అయ్యాక, 27న, ఈ చిన్న ఉత్తరం.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తున్నాను. హింద్ స్వరాజ్ ఏం చెబుతుంది? పాఠకుడు అడుగుతాడు, సంపాదకుడు జవాబు చెబుతాడు. ఇరవై అధ్యాయాలు. రైళ్లు, వకీళ్లు, డాక్టర్లు, యంత్రాలు, పార్లమెంటు, ఏదీ వదల్లేదు. పాఠకుడి కోపమంతా ఇంగ్లీషువాళ్ల మీద. వాళ్లను తరిమేస్తే చాలంటాడు. సంపాదకుడు ఒప్పుకోడు. ఇంగ్లీషువాడు పోయి అతని పద్ధతి మిగిలితే, పులి పోయి పులి స్వభావం మిగిలినట్టే అంటాడు. ఇంగ్లీషువాళ్ల మీద జాలిపడాలి, వాళ్లకు పట్టిన ఈ నాగరికత ఒక జబ్బు, కానీ నయం కాని జబ్బేమీ కాదు అంటాడు. మనుషుల్ని వేరుచేసి, వాళ్లు బతికే పద్ధతిని వేరుచేసి చూడమంటాడు. పుస్తకం నిలబడ్డది ఆ గీత మీదే.

ఆ గీతే పన్నెండేళ్ల పిల్లవాడికి రాసిన ఉత్తరంలో ఒకే వాక్యంగా వచ్చింది. మనుషులు మంచివాళ్లే, బతుకు తీరే మంచిది కాదు. ఐదు రోజుల ముందు ముగించిన పుస్తకంలోని ఎముక అది. పైనున్న వాదనలన్నీ తీసేసి ఆ ఎముకను పిల్లవాడి చేతిలో పెట్టారు. పెద్దవాళ్లకు చెప్పిన మాట పిల్లవాడికి చెప్పగలిగితేనే అది మనకు నిజంగా అర్థమైనట్టు అని మా గురువుగారు అంటూ ఉండేవారు. అందులో నిజముంది. కానీ నన్ను అంతకన్నా ఎక్కువ కదిలించేది ఆ తర్వాతి వాక్యం. అదెలాగో కలిసినప్పుడు చెప్తాను. 270 పేజీలు రాసిన చెయ్యి అక్కడ ఆగింది. చెప్పడానికి ఆయన దగ్గర మాటలకు కొదవా? కాగితానికి కొదవా? ఆపేశారు. పిల్లవాడు ఎదురుగా కూర్చుని, మధ్యలో అడ్డం పడి, ఎందుకు బాపూ అని అడగాలి. ఆ మాట అలా చెప్పాల్సిందని ఆయనకు తెలుసు.

ఇంకోటి గమనించండి. పిల్లవాడికి చెప్పడానికి తేలికైన సాకులు ఎన్నో ఉన్నాయి. డబ్బు లేదనొచ్చు. ఉద్యమానికి జనం ఇచ్చిన డబ్బుతో వెళ్లిన ప్రయాణం, అది నిజం కూడా. తీరిక దొరకలేదనొచ్చు, అదీ నిజమే. రెండూ చెప్పలేదు. నాకు నచ్చలేదు అన్నారు. కారణం తన మీద వేసుకున్నారు. నచ్చకపోతే నేనేం చేయను అని ఆ పిల్లవాణ్నే అడిగారు. అక్కడ ఒక తండ్రి కొడుకు ముందు కాస్త తగ్గి మాట్లాడటం వినిపిస్తుంది నాకు.

మరి యంత్రాలను అంత తిట్టిన మనిషి ఆవిరి ఓడలో ప్రయాణించాడేమిటి, ఆ ఓడ కంపెనీ కాగితాల మీద ఆ పుస్తకమెలా రాశాడు అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ ప్రశ్న ఆయన కూడా వేసుకున్నారు. హింద్ స్వరాజ్‌లోనే పాఠకుడు అడుగుతాడు, యంత్రాలు చెడ్డవంటున్నారు, మీ మాటలు అచ్చయ్యేది యంత్రం మీదే కదా అని. విషాన్ని విషంతోనే చంపవలసి వస్తుంది అని సంపాదకుడి జవాబు. ఆ జవాబు మీకు చాలుతుందో లేదో నాకు తెలియదు. నాకు చాలా కాలం చాలలేదు. కానీ లండన్ వీధుల్లో నాలుగు నెలలు తిరిగి, కొడుకు కోసం ఒక బొమ్మకు కూడా చెయ్యి చాచలేకపోయాను అని చెప్పుకున్న మనిషి, తను రాసింది తన ఇంట్లోంచే మొదలుపెట్టాడన్నది మాత్రం నాకు కనపడుతోంది.

ఇంట్లోంచే మొదలుపెట్టడానికి ధర ఉంటుంది. దాన్ని పిల్లలు కట్టారు. ఇది చెప్పకుండా ఈ ఉత్తరాన్ని మెచ్చుకుంటూ పోతే అబద్ధమాడినట్టే. నలుగురు కొడుకులకూ బడి చదువు సరిగ్గా లేదు. మణిలాల్‌ను ఎవరో ఏ తరగతి అని అడిగితే బెదిరిపోయాడు. అడిగితే బాపు తరగతి అని చెప్పు అని తండ్రి ఉత్తరం. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ఆ వయసులో నలుగురి ముందు నిలబడి ఆ జవాబు చెప్పవలసిన కుర్రవాడి గొంతులో ఎంత తడబాటు ఉంటుందో కూడా మనం వినాలి. హరిలాల్ చదువు కోసమే తండ్రితో విభేదించి 1911లో ఇల్లు విడిచి వెళ్లాడు. పిల్లలకు అక్షర విద్య తగినంత ఇవ్వలేకపోయానని, అది వాళ్లకు నామీద ఫిర్యాదుగా మిగిలిపోయిందని గాంధీజీ ఆత్మకథలో ఒప్పుకున్నారు. కోపం తెచ్చుకోకు అన్నది ఒక్క బొమ్మ విషయంలో రాసిన మాటే కావచ్చు. ఆ కుటుంబం కథంతా తెలిసినవాళ్లకు అది ఇంకా పెద్ద మాటగా వినిపిస్తుంది.

సముద్ర ప్రయాణంతో ముడిపడ్డ ఉత్తరాలు మరో రెండు గుర్తొస్తున్నాయి. ఒకటి నెహ్రూది. 1931 ఏప్రిల్‌లో ఆయన, కమలా నెహ్రూ, ఇందిర క్రకోవియా అనే ఓడలో సింహళానికి వెళ్లారు. జైల్లో మొదలుపెట్టిన చరిత్ర లేఖల వరుసలో ఆ ఓడ మీద కూడా ఇందిరకు ఉత్తరాలు రాశారు. ఇందిర అదే ఓడలో, వాళ్ల పక్కనే ఉంది. పక్కనున్న కూతురికి ఉత్తరం! జైల్లో ఉండగా ఆమెతో మాట్లాడటానికి అదొక్కటే దారి కదా, ఆ అలవాటు బయటికొచ్చినా పోలేదు. రెండోది సుభాస్ చంద్రబోస్‌ది. 1943 ఫిబ్రవరి 8న, జర్మనీలో జలాంతర్గామి ఎక్కడానికి ఒక రోజు ముందు, అన్న శరత్ చంద్రబోస్‌కు బెంగాలీలో రాసింది. మళ్లీ ప్రమాదం దారిన పోతున్నాను, ఈసారి ఇంటివైపు అన్నారు. ఇక్కడ పెళ్లి చేసుకున్నాను, ఒక కూతురు ఉంది, నేను లేకపోతే నామీద చూపిన ప్రేమే వాళ్లమీద చూపించండి అని. పాప అనితకు అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. ఆ ఉత్తరాన్ని భార్య ఎమిలీ దగ్గర వదిలి వెళ్లారు. నీళ్లలోకి దిగబోయే మనిషి చేతిరాత అది. దాని గురించి వేరే రోజు మాట్లాడుకోవాలి, ఈ రోజు ఇంతకుమించి తాకను.

మళ్లీ రామదాసు దగ్గరికి. 1910లో తండ్రి మిత్రుడు కాలెన్‌బాక్ జోహాన్నెస్‌బర్గ్ దగ్గర 1,100 ఎకరాల తోట ఉద్యమానికి ఇచ్చినప్పుడు, టాల్‌స్టాయ్ ఫారం అన్నది అదే, రామదాసు, తమ్ముడు దేవదాసు అక్కడ పెరిగారు. 1913 సెప్టెంబర్‌లో ఫీనిక్స్ నుంచి పదహారు మంది మొదటి జట్టుగా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి అరెస్టయ్యారు. ఆ పదహారు మందిలో కస్తూర్బా ఉన్నారు, రామదాసు ఉన్నాడు. మూడు నెలల శిక్ష. తండ్రి ఒకప్పుడు జైలు నుంచి ఎవరి దగ్గు గురించి అడిగారో, ఆ కుర్రవాడు పదహారేళ్లకే తానూ జైలు చూశాడు. 1948 జనవరి 31న యమున ఒడ్డున చితికి నిప్పంటించిందీ ఈ రామదాసే.

ఉత్తరం సంగతి ముగిస్తాను. హింద్ స్వరాజ్ డిసెంబర్ 11న, 18న రెండు భాగాలుగా ఇండియన్ ఒపీనియన్‌లో అచ్చయింది. అచ్చయిన చోటు ఫీనిక్స్. రామదాసు ఇంటి పక్కనే ఆ అచ్చుయంత్రం. 1910 మార్చిలో బొంబాయి ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఈ చిన్న ఉత్తరాన్ని నిషేధించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నవంబర్ 27న ఓడ నడిసముద్రంలో ఉంది. మదీరా దాటాక కేప్‌టౌన్ దాకా ఆగదు, కాబట్టి ఉత్తరాలన్నీ కేప్‌టౌన్‌లోనే టపాలో పడాలి. నవంబర్ 30న ఓడ రేవు చేరింది. దిగీ దిగగానే మంచి కబురు వినపడింది, జంషెడ్‌జీ టాటా కొడుకు రతన్ టాటా ఉద్యమానికి 25,000 రూపాయలు ఇచ్చారని. అక్కడి నుంచి గాంధీజీ రైలెక్కింది జోహాన్నెస్‌బర్గ్‌కు, ఉద్యమం ఉన్నచోటికి. ‘కలిసినప్పుడు చెప్తాను’ అన్న కాగితం మాత్రం ఫీనిక్స్‌కు, పిల్లల దగ్గరికి.